మేపుకిచ్చిన బర్రె

మా డ్రిల్లు సారు పోయారన్న కబురు పోయిన సోమవారం పొద్దున తెలిసింది. పెనుబల్లి బస్సు కండక్టరు మా స్టేజీ దగ్గర తల బయటపెట్టి చెప్పాడు. నెత్తి మీది గడ్డిమోపు దించి నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఇక ఆయనతో చెప్పలేను కదా అని మాత్రం అనిపించింది.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. మాటలు తక్కువ. సారు గురించి నాలుగు ముక్కలు రాయమంటే ఆ ఒక్క సంగతే చేతికొస్తోంది.

డెబ్బైలలో మా వైపు ఊళ్ళ మధ్య ఫుట్‌బాల్ పోటీలు మొదలుపెట్టింది సారే. వేంసూరు వైపు ఊళ్ళు, అటు భద్రాచలం అడవి అంచు ఊళ్ళు వచ్చేవి. ఆడేవాళ్ళం అందరం కూలీలం. ఆట రోజు పని పోతుంది కాబట్టి ఆ రోజు కూలి జట్టు పెట్టించినవాళ్ళు ఇవ్వాలి. అంతకుమించి ఏమీ ఇవ్వకూడదు. ఎంత ఉన్నవాడి జట్టయినా, ఎంత గొప్ప ఆటగాడైనా అంతే. అది సారు పెట్టిన కట్టుబాటు. “బలమున్నోడు గెలవాలె గని బలిసినోడు కాదురా” అనేవారు.

ఊక బూడిదతో గీతలు ఆయనే పోసేవారు. ఒక జట్టుకు బూట్లు లేకపోతే రెండో జట్టూ విప్పాల్సిందే. విప్పిన బూట్లను ఆయనే గట్టు మీద వరసగా పెట్టేవారు. ఆట సగంలో నిమ్మకాయ ముక్కలు పంచుతూ, పెద్ద ముక్క ఎవరికైనా పోతే తిరిగి తీసుకుని కోసేవారు.

నేను గోలీని, గోలు కాసేవాణ్ణి. ఒక ఏడు వెదురు కాంట్రాక్టరు ఒకాయన కొత్తగా జట్టు పెట్టి మా ఇంటికొచ్చాడు.

“నా జట్టుల నిలబడు. పాడిబర్రెను తోలిస్త.”

“సారు ఒప్పుకోడు.”

“పైసలిస్తే కదా తప్పు? నేను మేపుకిస్తున్న. అడిగితే గదే చెప్పు. దూడ గూడ నువ్వే ఉంచుకో.”

మా వైపు ఉన్నవాళ్ళు గొడ్డును లేనివాళ్ళకు మేపుకిస్తారు. పాలు మేపినవాళ్ళవి, దూడ పుడితే చెరి సగం. సగం అడగని మేపు ఎక్కడా లేదు. అది నాకు తెలుసు. కానీ మా రెండో పిల్ల పుట్టి నెలయింది, తల్లికి పాలు లేవు. బర్రెను కట్టేసుకున్నాను.

ఫైనలు మాకూ, అడవి ఊరి జట్టుకూ పడింది. ఆట ముందు బడి వరండాలో గొడవ లేచింది. “గోలీకి బర్రె ముట్టింది” అని ఒకరు, “ఇయ్యాల గోలు ఆపేది ఆయననా, బర్రెనా?” అని ఇంకొకరు. అందరూ నవ్వారు.

సారు నా దగ్గరకొచ్చారు. “ఏరా, ఆటకిచ్చిండా, మేపుకిచ్చిండా?”

“మేపుకే సార్.”

ఆయన జనం వైపు తిరిగారు. “వీడు రోజుకు మాట్లాడేదే నాలుగు మాటలు. అందుల అబద్ధానికి జాగా ఏడుంటది? వీడికి నేను జవాబుదారి.”

అడవి ఊరి జట్టు కెప్టెన్ తనవాళ్ళను ఆటలోకి తోలుకుపోయాడు. ఆఖర్లో అతను కొట్టిన బంతిని నేనే ఆపాను. మేమే గెలిచాం. సారు నా వీపు తట్టారు.

మరుసటి ఏడు ప్రతి జట్టూ ఒక ఉన్నవాణ్ణి వెతుక్కుంది. ఒకరికి ఎడ్లు మేపుకు, ఒకరికి మేకలు మేపుకు. సారు అడ్డుపడితే, “మీ గోలీకి చెల్లింది మాకు చెల్లదా?” అన్నారు. ఆయన అడ్డు తొలిగారు. అడవి ఊరికి మేపుకిచ్చేవాళ్ళెవరున్నారు? ఆ పై ఏడు వాళ్ళు రాలేదు. తర్వాత పోటీలే లేవు.

ఆ బర్రె చచ్చి ఎన్నో ఏళ్ళయింది. దాని సంతతి నా కొట్టంలో ఉంది. సారు ఎప్పుడు కనబడినా, “బర్రెలు మంచిగున్నయారా?” అని అడిగేవారు. మనసులో ఏమీ లేకుండానే అడిగేవారు. నేను తల ఊపేవాణ్ణి.

ఆ సోమవారం సారు ఇంటి ముందు ఆ అడవి ఊరి కెప్టెన్ కనిపించాడు. జుట్టంతా తెల్లబడింది. పక్కకు పిలిచి చెప్పేశాను. “ఆ బర్రె మేపుకు కాదన్నా. ఆటకే.”

“ఎరికే.”

“ఎప్పటి నుంచి?”

“ఆ రోజే. కాంట్రాక్టరు జీతగాడు మా ఊరోడే.”

“మరి సారుకు చెప్పలేదేంది?”

“అంతమందిల నీకు జవాబని నిలబడ్డడు. ఆయనను తల దించుకునేటట్టు చేసి కప్పు తెచ్చుకుంటమా? మా పోరగాండ్లు చెప్తమని లేస్తే నేనే వద్దన్న. సారు సంగతి తెల్వకుండనే పోయిండు. నువ్వు బతికినన్ని రోజులు నీకు తెలుస్తది.”

లోపల ఏడుపులు పెద్దవయ్యాయి. పాడె లేపుతున్నారు. అతను ముందు కుడివైపు పట్టి, ఎడమవైపు నన్ను రమ్మన్నాడు. నాకన్నా జానెడు పొడుగు మనిషి. సారు ఒక పక్కకు ఒరగకుండా, ఆ ముసలి మోకాళ్ళు వంచి, నా భుజం ఎత్తుకు తన భుజం దించాడు. వాగు దాకా అట్లాగే వంగి నడిచాడు.