గ్రేస్ మేడం పెన్‌డ్రైవ్

కొత్త కంప్యూటర్ అట్టపెట్టె మీది టేపు కోయగానే లోపలి నుంచి ఒక వాసన వస్తుంది. థర్మాకోల్, ప్లాస్టిక్ కవరు, ఇంకా ఎవరి వేలూ తగలని కీబోర్డు కలిసిన వాసన. మొన్న జూబ్లీహిల్స్‌లోని మా ఆఫీసులో, కొత్తగా చేరబోయేవాళ్ల కోసం వచ్చిన పెట్టెల్లో ఒకటి తెరిచి అలాగే నిలబడిపోయాను. నడుం పట్టేసిందేమోనని పక్కవాళ్లు కుర్చీ తెచ్చారు. నాకు గ్రేస్ మేడం గుర్తొచ్చింది. ఆవిడ పోయి ఇంకా ఏడాది కాలేదు. ఫిల్మ్‌నగర్‌లో ఆవిడ పేరెత్తితే ఇప్పటికీ రెండు మాటలు వినిపిస్తాయి. ఆటోమేషన్ అంటే గిట్టని మనిషి అని ఒకటి, ఆవిడ వల్లే సినిమా లీకైందని ఇంకొకటి. రెండూ అబద్ధాలే. రెండూ నా దగ్గరే పుట్టాయి కాబట్టి నేనే రాయాలి.

నేను రహమత్ నగర్ నుంచి మొదటి ఉద్యోగానికి వెళ్లింది ఫిల్మ్‌నగర్‌లోని ఒక గ్రాఫిక్స్ స్టూడియోకి. సినిమాల్లో వానలు, మంటలు, గాల్లో ఎగిరే కార్లు అక్కడ తయారయ్యేవి. కంప్యూటర్ల విభాగానికి పెద్ద గ్రేస్ మేడం. మచిలీపట్నం వైపు మనిషి. మెడలో గుర్తింపు కార్డుతో పాటు ఒక పెన్‌డ్రైవ్ వేలాడుతూ ఉండేది. కొత్త ఉద్యోగి కోసం మొదటిసారి ఒక మిషన్ సిద్ధం చేసి, "అయిపోయింది మేడం" అన్నాను. ఆవిడ మెడలోని పెన్‌డ్రైవ్ తీసి దానికి పెట్టింది. స్పీకర్లలోంచి పాట మొదలైంది. వాళ్ల చర్చి గాయక బృందంతో కలిసి ఆవిడ పాడిన కీర్తన.

"పాట వినబడుతోందా శీనూ?"

"మంచిగ వినిపిస్తున్నది మేడం."

"అయితే అవ్వలేదన్నమాట. మళ్లీ చెయ్."

విడుదల కాని సినిమా దృశ్యాలు ఉండే కంప్యూటర్లు అవి. వాటిలోంచి ఎవరూ ఏదీ బయటికి తీసుకుపోకూడదు. అందుకని బయటి నుంచి ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా మిషన్ తీసుకోకూడదు. "చెప్పింది చేస్తోందా అని అందరూ చూస్తారు. వద్దన్నది మానేస్తోందా అని చూడాల్సింది మనం" అనేది. పాట రాకపోతేనే ఆవిడ ముఖంలో వెలుగు కనిపించేది. తను పాడిన పాట మూగబోతే సంతోషించే మనిషిని ఇంకెక్కడా చూడలేదు.

ఆటోమేషన్ మాట, అంటే మిషన్లు వాటంతటవే సిద్ధమయ్యే పద్ధతి మాట, మొదట ఎత్తింది కూడా ఆవిడే. ఒక్కో మిషన్‌కూ పూటంతా పట్టేది. అవే సాఫ్ట్‌వేర్లు, అవే అనుమతులు, అదే ప్రింటరు. ఒకరోజు నేను విసుక్కుంటుంటే, "ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తే మనిషికి చెయ్యి మొద్దుబారుతుంది. నువ్వు ఆ కొత్త పద్ధతి నేర్చుకో. ఈలోపు నీ పని నేను చూస్తాను" అంది. చూసింది కూడా. నేను నేర్చుకున్నన్నాళ్లూ తన కుర్చీ వదిలి, బల్లల కింద కూర్చుని తీగలు బిగించింది. చివరికి కొత్త కంప్యూటర్‌కు నెట్‌వర్క్ తీగ తగిలించి స్విచ్ వేస్తే చాలు. సర్వర్ నుంచి అన్నీ తనే తెచ్చుకుని, కొత్తవాళ్ల పేరుతో సిద్ధమై కూర్చునేది.

"ఇగ ఒక్కటి చూస్తే సాలు మేడం. అన్నీ ఒకటే గదా" అన్నాను.

"అన్నీ ఒకటేనయ్యా. అందుకే తప్పు జరిగినా అన్నింట్లో ఒకేలా జరుగుతుంది."

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. నీ తొందర మీద లేదు."

అందరూ నవ్వారు. నాకు లోపల గుచ్చుకుంది. ఆ వారంలోనే ఎండీ గారి దగ్గర, "మేడంకు ఇంకా చేత్తో చేస్తేనే తృప్తి సార్" అన్నాను, నవ్వుతూనే. ఆయన ఆ మాటను స్టూడియో అంతా తిప్పారు. మొదటి అబద్ధం అలా పుట్టింది.

తరవాత ఒక పెద్ద సినిమా వచ్చింది. కొత్త అంతస్తు, కొత్త మనుషులు, కొత్త మిషన్లు. మా దగ్గర ఏ పనికైనా ముహూర్తం ఉండాల్సిందే. "కొబ్బరికాయ కొట్టగానే అన్ని స్క్రీన్ల మీదా ఒకేసారి వెంకన్న బాబు కనబడాలయ్యా. ప్రొడ్యూసర్ గారు అదిరిపోవాలి!" అన్నారు ఎండీ గారు. స్వామివారి వీడియో ఆయనకు ఒక పట్టాన నచ్చలేదు. మార్చినప్పుడల్లా ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్‌లో పట్టుకొచ్చేవారు. ఏ మిషన్ మీదైనా పెట్టి చూసుకోవడానికి వీలుగా, అన్నింటికీ వెళ్లే సెటప్‌లోనే పెన్‌డ్రైవ్‌లను ఆపే అడ్డు తీసేశాను. మళ్లీ పెడదామనుకున్నాను. పెట్టలేదు.

ముహూర్తం ఉదయం మానిటర్లకు బంతిపూల దండలు వేశారు. గ్రేస్ మేడం మెడలోంచి పెన్‌డ్రైవ్ తీస్తోంది. పూజ మధ్యలో కీర్తన మోగితే నా పరువు పోతుందనే భయమొకటి, గర్వమొకటి.

"నేను చూసిన మేడం. పంతులుగారు పిలుస్తున్నరు."

"చూశావుగా?"

"చూసిన."

ఆవిడ పెన్‌డ్రైవ్‌ను మళ్లీ మెడలో వేసుకుంది. కొబ్బరికాయ పగిలింది. హాలంతా స్వామి వెలిగాడు. ప్రొడ్యూసర్ నా భుజం తట్టాడు.

కొన్ని వారాలకే ఆ సినిమాలోని ఒక పోరాట దృశ్యం జనం ఫోన్లలో తిరగసాగింది. ఎవరు తీసుకుపోయారో చివరిదాకా తేలలేదు. కబురు వినగానే గ్రేస్ మేడం కొత్త అంతస్తులోని ఒక మిషన్‌కు పెన్‌డ్రైవ్ పెట్టింది. కీర్తన మొదలైంది. హాల్లో తలలన్నీ తిరిగాయి. ఆవిడ పాట ఆపి, నా వైపు చూసి, ఎండీ గారి గదిలోకి నడిచింది. వెనకే నేను.

"ఈ మిషన్లు చూసి అప్పగించింది ఎవరు?" అన్నారాయన.

"అప్పగించింది నేనేనండి" అంది. అని ఆగింది.

నిజం తెలిసిన ఒకరిద్దరు, ఆవిడ నా కోసం త్యాగం చేసిందంటారు. అదీ సరికాదు. ఆవిడ అబద్ధమాడలేదు, నన్ను వెనకేసుకు రాలేదు. తన వంతు నిజం తను చెప్పి, నా వంతు నాకు వదిలింది. నేను బల్ల మీది గాజుపలక వైపు చూస్తూ నిలబడ్డాను. "కొత్త పద్ధతి రాకపోతే రాదని చెప్పాలి కదమ్మా!" అని ఆయన అరిచారు. దానికి కూడా నోరు విప్పలేదు. ఇంటి ఇబ్బందులు నాకూ ఉన్నాయి. వాటిని ఇక్కడ రాస్తే మళ్లీ సాకులవుతాయి.

ఉద్యోగం పోయి వెళ్లిపోయేరోజు ఆవిడ నా బల్ల మీద పెన్‌డ్రైవ్ పెట్టి, "ఇది నీకే అవసరం" అంది.

ఫిల్మ్‌నగర్‌లో ఇంకెవరూ ఆవిణ్ణి తీసుకోలేదు. ఎర్రగడ్డ దగ్గర ఒక బడిలో పిల్లలకు కంప్యూటర్లు నేర్పింది. చాలా ఏళ్లకు మధురానగర్‌లోని వాళ్లింటికి వెళ్లాను. టీ ఇచ్చి, "పెట్టి చూస్తున్నావా?" అని అడిగింది. చూస్తున్నానన్నాను.

"మా షారోన్ కూడా మీ లైన్లోకే వచ్చింది. మీ అమ్మ వల్లే కదా లీకైందని ఆఫీసులో ఎవరో అన్నారట. దానికైనా చెప్పు."

"చెప్త మేడం. జర టైం ఇయ్యుర్రి."

"నా దగ్గరేముందయ్యా ఇవ్వడానికి" అంది. అప్పటికే వైద్యం నడుస్తోందని నాకు తెలియదు.

షారోన్‌కు చెప్పాను. సమాధి తోట గేటు దగ్గర, అంతా అయ్యాక. ఆ అమ్మాయి కోప్పడలేదు. "అమ్మ ఉండగా చెప్పుంటే నేను ఆ మాట అనేదాన్ని కాదు సార్" అంది.

"ఏం మాట?"

"రాని పని నీకెందుకమ్మా అని."

మొన్న ఆ పెట్టెలోని కంప్యూటర్‌కు తీగ తగిలించాను. అది తనంతట తానే సిద్ధమైంది. అలవాటుగా పెన్‌డ్రైవ్ పెట్టాను. కీర్తన మొదలైంది. గొంతుల్లో ఆవిడ గొంతు ఏదో నాకు తెలుసు. కొత్త సెటప్‌లో ఏదో తప్పు వదిలేశాను. మిషన్లన్నీ ఆపమన్నాను. మా డైరెక్టర్ గారు బయటికి వచ్చి, రేపు మనుషులు చేరుతుంటే ఈ పాటలేంటి, ఎవరి పొరపాటు అని అడిగారు.

"నాదే సార్. నేనే సరిగ చూడలేదు" అన్నాను.

ఆయన గడియారం చూసుకుని, "సరే, చూసి సరిచెయ్" అని లోపలికి వెళ్లిపోయారు. అంతే. ఇంకేమీ జరగలేదు. పాట ఇంకా మోగుతూనే ఉంది. నేను వెంటనే ఆపలేకపోయాను.