పరిశీలకుడు వచ్చేదాకా తెరవని పెట్టె

మా సీనియర్ పోయారన్న వార్త నాకు రెండు అబద్ధాలతో కలిసి వచ్చింది. పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఫోన్ చూస్తే పార్టీ వాట్సాప్ గ్రూపులో ఆయన పాత ఫొటో, దాని కింద "క్రమశిక్షణ గల సైనికుడు ఇక లేరు" అన్న రాత. ఇక లేరన్నది నిజమే. నిద్రలోనే గుండె ఆగిపోయింది. కానీ ఆయన సైనికుడు కాదు, కోరుట్ల కోర్టులో వకీలు. క్రమశిక్షణ అంటారా, పార్టీ జిల్లా ఆఫీసుతో ఫోన్‌లో ఆయన అన్న ఆఖరి మాట, "మీరు జెప్పినట్టు నేను చెయ్య."

నోట్లో నురగతోనే నలుగురిని తిట్టాను. ఇలాంటి వ్యాసాలు కళ్లనీళ్లతో మొదలుకావాలని నాకూ తెలుసు. నాకు మాత్రం ముందు కోపమే వచ్చింది. ఇది రాసేటప్పటికీ అది కుర్చీ ఖాళీ చెయ్యలేదు.

లా చదివి, నల్లకోటు కుట్టించుకుని, ఇక హైకోర్టుకు నా అవసరం వచ్చిందని ఊళ్లో చెప్పుకు తిరిగినవాణ్ని నేను. తేలింది మాత్రం కోరుట్లలో, సార్ ఇంటి వరండాలో, ఒక కాలు వంకర పోయిన ప్లాస్టిక్ కుర్చీలో. మొదటి రోజే నా చేతిలో ఒక భూమి తగాదా కట్ట పెట్టారు. రాత్రంతా చదివి, మన క్లయింటు ఎందుకు గెలవాలో గడగడా చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపారు.

"గది మన క్లయింటే జెప్తడు. దానికి నువ్వెందుకు? మనం ఎందుకు ఓడాల్నో జెప్పు. అవతలోని దిక్కు నిలబడి మాట్లాడు వకీల్ సాబ్."

నేను తప్పులో ఉన్నప్పుడే ఆయనకు నేను వకీల్ సాబ్‌ను. మిగతా సమయాల్లో ఒరేయ్.

పేపర్ చివరి పేజీ నుంచి చదివేవారు. కోటుకు ఒక గుండీ ఎప్పుడూ ఉండేది కాదు. టీ ఆఖరి గుక్క ఎప్పుడూ వదిలేసేవారు, "అడుగున ఉన్నది టీ కాదురా, టీ కొట్టోని తప్పు" అని. కోర్టు నుంచి రాగానే మొహం కడుక్కుని వరండాలో గోడకు ఆనుకుని కూర్చునేవారు. అప్పుడు మొదలయ్యేది అసలు కోర్టు. వీధిలోవాళ్లు, తోటి వకీళ్లు, ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న మల్లేశం. వాదం ఎప్పుడూ ఎలక్షన్లే. షరతు మాత్రం ఆ భూమి తగాదాదే: ఎవరు గెలుస్తారని నువ్వు జోస్యం చెప్తావో వాళ్ల వైపు మాట్లాడకూడదు. ఓడతాడని చెప్పినవాడి వైపే మాట్లాడాలి.

ఒక ఏడాది ఈ వాదం అమెరికా దాకా పోయింది. అక్కడ అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో రాష్ట్రాలవారీగా ముందు జనమే ఓట్లేసి తేలుస్తారనీ, దాన్ని ప్రైమరీ అంటారనీ సార్ చెప్పారు. మోకాళ్ల లోతు మంచు పడే ఏదో రాష్ట్రం. దాని ఫలితం మేము కోరుట్లలో దోమలు కొట్టుకుంటూ తేల్చాలి. నేను మూడు ఇంగ్లిషు ఛానళ్లు చూసి వచ్చి ఫలానా ఆయనే గెలుస్తాడని ప్రకటించాను. షరతు ప్రకారం రెండో ఆయన వైపు అరగంట మాట్లాడాను. తీరా గెలిచింది ఆ రెండో ఆయనే.

"నువ్వు మాట్లాడుతుంటెనే నాకు అనుమానమచ్చింది" అన్నారు సార్. "గంత మంచిగ జెప్పినవు, నీకే ఇనవడలే."

మల్లేశానికి మాత్రం గెలుపోటములు పట్టలేదు. గ్లాసులు ఏరుకుంటూ అడిగాడు. "గదంత సరే గని సార్, ఆడ టికెట్ పైనుంచి రాదా?"

"రాదు."

"మరి పైనోల్లు ఏం జేస్తరు?"

"గెలిచినోనికి చప్పట్లు కొడ్తరు."

వరండా అంతా నవ్వింది. సార్ నవ్వలేదు. అప్పుడు నేను గమనించలేదు గానీ, ఆయనకు ప్రైమరీ జబ్బు అంటుకున్నది ఆ సాయంత్రమే.

ఆ జబ్బుకు మందు ఇస్తామని మా పార్టీయే వచ్చింది. ఇబ్రహీంపట్నం మండలం జడ్పీటీసీ టికెట్ ఎవరికివ్వాలో ఈసారి కార్యకర్తలే ఓటేసి తేలుస్తారని ప్రకటించారు. ఆ ఓటు నడిపించే బాధ్యత సార్‌కు అప్పగించారు. లెక్కింపు జరిగేది పరిశీలకుడి ఎదుట. జగిత్యాలలో ఉండే జిల్లా పెద్ద ఒకాయనే ఆ పరిశీలకుడు. సార్ ఆ ప్రకటనను పేపర్ మొదటి పేజీలోనే చదివారు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

పోటీలో ఇద్దరు. గీత కార్మికుల ఇంటి కోడలు సత్తవ్వ, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన నర్సయ్య. ఒకరి నీడ ఒకరికి పడదు. సార్ ఇద్దరినీ వరండాకు పిలిచి, మండలం నుంచి వచ్చినవాళ్ల ముందు కూర్చోబెట్టి, పాత షరతే పెట్టారు.

"ఏంది వకీల్ సాబ్, నేను గీయనకు ప్రచారం జెయ్యాల్నా?" అని సత్తవ్వ లేచింది.

"కూసో బిడ్డా. ఈయన మీద నువ్వు గెలవాలంటె ఈయనేందో నీకు తెల్వాలె గద."

సత్తవ్వ కొంగు సర్దుకుంది. నర్సయ్య వైపు చూడకుండా, గోడతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది. "గల్ఫ్‌ల మా ఆడివిడ్డ పెనిమిటి సచ్చిపోతె శవం నెల దాక రాలే. గీ నర్సయ్యనే ఆఫీసులన్ని తిరిగిండు. పెట్టెతోని ఎయిర్‌పోర్టు నుంచి ఊరి దాక గీయనే అచ్చిండు. మన పార్టీల ఇంకెవ్వడు రాలే."

నర్సయ్య తల వంచుకున్నాడు. తన వంతు వచ్చాక లేచి నిలబడ్డాడు. "పసుపు రేటు కోసం రోడ్డు మీద కూసున్నప్పుడు మేం మగోల్లం పోలీసు జీపు జూసి పొలాలకెళ్లి ఉర్కినం. అక్క లేవలే. గంతే."

"గంతేనా?" అన్నారు సార్.

"ఇంకా జెప్తె నేనే ఈమెకు ఓటేసేటట్టున్న సార్!"

ఆ రోజు నేను చూసినంత నిజమైన ప్రచారం మళ్లీ చూడలేదు. ఎవరు గెలుస్తారో చెప్పడం నా వల్ల కాలేదు. జోస్యం రాకపోవడమే మంచి ఎన్నికకు గుర్తు అన్నారు సార్.

ఇక సిరిసిల్ల సంగతి. ఓటుకు ముందు ఒక కేసు పని మీద ఇద్దరం అక్కడికి పోయాం. మేము కలవాల్సిన సాక్షి ఎలక్షన్ గుడ్డ అచ్చువేసే షెడ్డు యజమాని. లోపల తీగల మీద బ్యానర్లు ఆరుతున్నాయి. మా పార్టీవే, మా మండలానివే. వాటి మీద దండం పెడుతున్న మొహం సత్తవ్వది కాదు, నర్సయ్యది కాదు. పరిశీలకుడి బామ్మర్దిది.

"ఎప్పుడచ్చింది గీ ఆర్డర్?" అన్నారు సార్.

"మొన్ననే సార్. ఆయనకే టికెటట గద?"

నేను మండిపడ్డాను. ఇదంతా నాటకమనీ, ఓటు ఆపెయ్యమనీ, ఇప్పుడే ప్రెస్ మీట్ పెడదామనీ అరిచాను. సార్ బ్యానర్ అంచు పట్టుకుని చూశారు. వేలికి రంగు అంటింది.

"ఇంక ఆరలే" అన్నారు. "ఆరకముందు ఓటు పడాలె."

తిరిగొచ్చేటప్పుడు వేములవాడలో బస్సు మొక్కులవాళ్లతో నిండిపోయింది. నిలబడే ప్రయాణం చేశాం. ఎవరిదో గుండు చేసిన పసివాణ్ని ఎత్తుకుని, పైకడ్డీ పట్టుకుని, ఆయన మెల్లగా చెప్పారు. "మా తాత దొర. గడీల కూసోని ఫలానోడు అంటె, ఊరంత ఫలానోడే అనాలె. ఆయన ముంగట ఎవ్వలు చెప్పులేసుకోకపోదురు. గడీ కూలిననాడు నేను సంబురపడ్డరా. కూలలే. పట్నం పోయింది, గంతే."

ఓటు రోజు నాట్ల కాలం. అయినా నాట్లు వదిలి ఆడవాళ్లు వచ్చారు. భర్తలు గల్ఫ్‌లో ఉన్నవాళ్లే ఎక్కువ. పెట్టె అంటే సార్ ఇంట్లో బియ్యం పోసే రేకు డబ్బాయే, మూతకు చీలిక కోయించి తెచ్చారు. వరసలో ఒక ముసలామె సార్‌ను నిలదీసింది. "ఇది ఉత్తుత్తి ఓటా, నిజం ఓటా అయ్యా? ఉత్తుత్తిదైతె చెప్పు, నాటుకు పోత."

"నిజం ఓటే అవ్వా. పరిశీలకుడు రాంగనె అందరి ముంగట లెక్కవెడ్త. గప్పటిదాక పెట్టె నా దగ్గర్నే ఉంటది. మాటిస్తున్న."

పరిశీలకుడు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. పొద్దు గుంకింది. "ఇప్పుడే తెరుద్దాం సార్" అని నేను కాళ్లావేళ్లా పడ్డాను. సత్తవ్వ అడిగింది, నర్సయ్య అడిగాడు. సార్ మాత్రం మూతకు లక్క సీలు వేసి, "షరతు షరతే. ఆయన లేకుంట తెరిస్తె దొంగలెక్క అంటరు" అన్నారు. వకీలు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది. దొంగ ముందు రూలు పాటించడం! ఈ విషయంలో ఆయన మీద నాకున్న కోపం ఆయనతో పాటు కాలిపోలేదు. చెప్పకుండా ఉండలేను.

తెల్లారి జాబితా వచ్చింది. బామ్మర్ది పేరే. పెట్టెను కాల్చెయ్యమని జిల్లా ఆఫీసు ఫోన్ చేసింది. సార్ ఇచ్చిన జవాబు మొదట్లోనే చెప్పాను. ఆ తర్వాత పెట్టె వరండాలో ఆయన కూర్చునే చోటు పక్కనే ఉండేది. కోర్టు నుంచి రాగానే ముందు దాన్ని చూసి, తర్వాతే మొహం కడుక్కునేవారు. వాదాలు ఆగిపోయాయి. టీ ఆఖరి గుక్క కూడా ఆలోచనలో పడి తాగేసేవారు. అది చూసినప్పుడు నాకు భయమేసింది. ఆ భయం నిజమై, ఒక పొద్దున ఆయన లేవలేదు.

శవం మీద పార్టీ కండువా కప్పారు. కప్పింది పరిశీలకుడే. ఓటు రోజు దారి దొరకని మనిషికి చావు రోజు దారి బాగానే దొరికింది. సార్ భార్యను మేమందరం అమ్మా అని పిలుస్తాం. ఆమె పాడె లేచే ముందు కండువా తీసి పక్కన పెట్టింది.

దినాల రోజు పరిశీలకుడు మళ్లీ వచ్చాడు. షామియానా కింద మైకు తీసుకుని, పార్టీ మాట జవదాటని మనిషి అంటూ ఎత్తుకున్నాడు. ఎదురుగా మండలం నుంచి వచ్చిన ఆడవాళ్లు, వాళ్లలో ఆ ముసలామె. సత్తవ్వ ఒక పక్క, నర్సయ్య ఒక పక్క. నేను లేచి నిలబడ్డాను. సార్ ముందు నేర్చుకున్న గొంతుతోనే, దండం పెట్టి మరీ అన్నాను.

"అన్నా, కోర్టు వారికి ఒక్క మనవి. పరిశీలకుడు వచ్చినంక పెట్టె తెరవాలె అన్నది మా సార్ పెట్టిన షరతు. పరిశీలకుడు ఇయ్యాల అచ్చిండు."

ఆయన వాచీ చూసుకున్నాడు. "తమ్మీ, ఇది సందర్భం కాదు. నాకు జగిత్యాలల అర్జెంటు మీటింగున్నది."

"దినాలకచ్చి అన్నం తినకుంట పోతరా?" అమ్మ వంటల దగ్గర నుంచి వచ్చింది. చేతిలో విస్తరి. "కూసో బిడ్డా. నువ్వు తినెటాల్లకు లెక్క అయిపోతది."

దినాల అన్నం కాదని లేచిపోయే ధైర్యం మా దిక్కు ఏ నాయకుడికీ లేదు. ఆయన కూర్చున్నాడు. అమ్మే పెట్టె తెచ్చింది. లక్క నేనే పగలగొట్టాను. సత్తవ్వ చీటీలను నర్సయ్య చదివాడు, నర్సయ్య చీటీలను సత్తవ్వ చదివింది, గొంతెత్తి, ఒక్కొక్కటీ. ఆ ముసలామె ప్రతి చీటీకీ ముందుకు వంగి వింటోంది. పరిశీలకుడి విస్తట్లో పప్పు చల్లారింది.

పద్నాలుగు ఓట్లతో సత్తవ్వ గెలిచింది.

"ఇగ పార్టీ బీఫారం ఎవ్వలకిస్తవన్నా?" నర్సయ్యే అడిగాడు. పరిశీలకుడు ముద్ద నములుతూనే ఉన్నాడు. "నామినేషన్లకు ఇంక టైమున్నది. ఇయ్యకుంటె అక్క ఇండిపెండెంటుగ ఏస్తది. ఏజెంటుగ నేనే కూసుంట."

ఏం జరుగుతుందో నేను జోస్యం చెప్పను. బామ్మర్దే గెలుస్తాడని చెప్తే నాకు అతని వైపు మాట్లాడే బాధ తప్పుతుంది. కానీ ఆ మాట నా నోటికి రావడం లేదు.

మల్లేశం అన్నాడు, "గెలిచినామెకు దండ లేకపాయె." నిజమే. ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే దండ, సార్ ఫొటోకు వేసిన బంతిపూల దండ. అమ్మ వెళ్లి దాన్ని తీసింది.

"అది అశుభమమ్మా!" అన్నాడు పరిశీలకుడు, ఆ మధ్యాహ్నం మొదటిసారి గట్టిగా.

"వెయ్యమ్మా" అని సత్తవ్వ తల వంచింది. ముసలామె చప్పట్లు మొదలుపెట్టింది. షామియానా అంతా అందుకుంది. చివరికి అందరూ తన వైపే చూస్తుంటే, పరిశీలకుడు కూడా ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టి, ఎడమ చేత్తో తొడ మీద రెండుసార్లు కొట్టాడు.

నేను ఫొటో వైపు చూశాను. గంధం బొట్టు పక్కన ఒక బంతి రేకు అంటుకుని ఉంది. దండ లేకపోయేసరికి అది పోయినవాళ్ల ఫొటోలా లేదు. కోర్టు నుంచి ఇప్పుడే వచ్చి, ఇంకా మొహం కూడా కడుక్కోకుండా, ఎవరు గెలిచారో వినడానికి గోడకు ఆనుకున్న మనిషిలా ఉన్నారు సార్.