కరీం మాస్టారి నాలుగో తీగ

ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. ఉక్కు కర్మాగారంలో కొలిమికి గాలి ఊదే పెద్ద బ్లోయర్‌కు రెండు మీటర్ల దూరంలో నిలబడి కంపనాలు కొలుస్తున్నాను. తెరమీద నూటముప్పై ఒక్క హెర్ట్జ్ దగ్గర గీత పైకి లేచింది. అంకె రాసుకున్నాను గానీ, చెవి మాత్రం ఇరవై రెండు కిలోమీటర్లు దాటి చేపలరేవు పక్క పాత పట్నంలోని ఒక మేడగదికి వెళ్ళిపోయింది. అది కరీం మాస్టారి వయోలా నాలుగో తీగ పలికే శ్రుతి.

వయోలా వయొలిన్ కంటే కాస్త పెద్దది, గొంతు కింది స్థాయిది. కర్ణాటక కచేరీల్లో దానికి దాదాపు చోటు లేదు. మాస్టారు ముప్పై ఏళ్ళు దాన్నే వాయించారు, దాన్నే నేర్పారు. పెట్టె పట్టుకుని వీధిలో నడుస్తుంటే టీకొట్టు అప్పారావు ఆటపట్టించేవాడు.

"ఏటి బావా, నీ వయొలిన్‌కి ఒళ్ళొచ్చిసింది?"

"రోజూ సేపల గాలి పీలుత్తంది కదా, బలిసింది," అనేవారు మాస్టారు, నడక ఆపకుండానే. పైకి నవ్వేవారు గానీ, వయోలాయే కావాలని పిలిచే ఒక్క కచేరీ కోసం ఆయన ఎదురుచూపు శిష్యులందరికీ తెలుసు.

ఒకసారి పేరున్న గాయకుడొకరికి కచేరీ నాడు జలుబు చేసి శ్రుతి బాగా దిగిపోయింది. ఆ శ్రుతికి సరిపోయేలా సడలించిన వయొలిన్ తీగలు బర్రుమన్నాయి. నిర్వాహకులు హడావిడిగా మాస్టారిని పిలిపించారు. ఆ సాయంత్రం ఆయన కమాను ఆ బొంగురు గొంతు కిందికి చేరి, చివరిదాకా దాన్ని మోసింది. ముగిశాక గాయకుడు ఆయన భుజం తట్టాడు. "మళ్ళీ జలుబు చేస్తే మిమ్మల్నే పిలుస్తాను మాస్టారూ!" అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వారు.

నాలుగు నెలల తర్వాత ఆ గాయకుడే ఫోన్ చేశాడు. నేను ఎదురుగా కూర్చుని సాధన చేస్తున్నాను. ఆరు ఊళ్ళలో కచేరీలట. ఇప్పుడు గొంతు బాగుంది గనుక వయొలిన్ తెచ్చుకోవాలట.

"నాను వయోలాయే తెత్తానండి. కావలిస్తే జలుబు మీరు తెచ్చుకోండి," అని ఫోన్ పెట్టేశారు.

వాయించడం మరిచి చూస్తున్నాను.

"ఏటి పాపా, అలా సూత్తన్నావ్? వాయించు. ఆ ధైవతం ఇంకా పచ్చిగా ఉంది."

ఆ రోజు పాఠం మామూలు కంటే చాలాసేపు సాగింది.

ఆయన పోయి మూడేళ్ళు. డ్యూటీ దిగాక, ఆయన నాకు వదిలి వెళ్ళిన వయోలానే గుండెకు ఆనించుకుంటాను. తీగలు అవే, కమాను అదే. ఆ మేడగదిలో విన్న నాదం మాత్రం రాదు. ఆ ఒక్క జవాబుకు పోయినవి ఆరు కచేరీలు, ఆ వెనక రావలసిన పిలుపులు, వయొలిన్‌కు మారిపోయిన నలుగురు శిష్యులు. ఆయన వాయించినది ఒక్క నిమిషమైనా ఎవరూ రికార్డు చేయలేదు. మిగిలింది ఒక వయోలా, నేను. నాకింకా శిష్యులు లేరు.