చెక్కల వదిన నిలబెట్టిన వరస

వీధిలో అందరూ ఆమెను చెక్కల వదిన అంటారు. వరసకు వదిన కానివాళ్లు కూడా అలాగే పిలుస్తారు, ఆమె కూడా అలాగే పలుకుతుంది. ఫర్నిచర్ వర్క్‌షాపులో ఇరవై ఏళ్లుగా ఆమె పని కుర్చీ కాళ్లను ఉప్పు కాగితంతో రుద్ది నున్నగా చెయ్యడం. అవి నున్నబడగానే పక్క షెడ్డుకు పోతాయి. అక్కడ ఒకరు సీటు బిగిస్తారు, ఇంకొకరు రంగు వేస్తారు, మరొకరు లారీ ఎక్కిస్తారు. లక్ష కాళ్లు ఆమె చేతిమీదుగా పోయి ఉంటాయి. కుర్చీ మాత్రం ఒక్కటీ పోలేదు. ఎవరింట్లోనైనా కుర్చీ కనిపిస్తే ముందు వంగి కాళ్లు చూస్తుంది, చూసి ఊరుకుంటుంది.

ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, తోచక, కోతలో మిగిలిపోయిన చెక్కముక్కలు ఏడింటిని బల్ల మీద వరసగా నిలబెట్టింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగుంటాయి, అంతే. మొదటిదాన్ని వేలితో తోసింది. టకటకమని ఒకదాని మీద ఒకటి పడి ఆఖరిది కింద నేలమీద పడింది. ఆమెకు ఒళ్లు ఝల్లుమంది. మన పెళ్లిరోజున కూడా గుండె అంతలా కొట్టుకోలేదని ఆ సాయంత్రం భర్తతో చెప్పింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు, ఇలాంటివి మనసులో పెట్టుకునే రకం కాదు.

అప్పట్నుంచి మేస్త్రీని అడిగి సంచి నిండా ముక్కలు తేవడం, ఒకే కొలతకు రుద్దడం, ఇంట్లో పేర్చడం. అలా నాలుగు వేలయ్యాయి. ఆశ కూడా వాటితోపాటే పెరిగింది. వీధి గుమ్మం దగ్గర మొదటి చెక్కను తోస్తే వరస ముందుగది దాటి, నడవా దాటి, నడిమి గదిలో అత్తగారి మంచం కిందుగా దూరి, వంటింట్లోకి తిరిగి, ఆఖరి చెక్క అక్కడున్న స్టీలు పళ్లెం మీద పడి ఠంగుమనాలి. మధ్యలో ఎవరి చెయ్యీ తగలకూడదు. బతుకులో ఒక్కటైనా మొదట్నుంచి చివరిదాకా తన చేతులతోనే జరగాలి. ఇదీ ఆమె పంతం.

మొదటిసారి పక్కింటి పిల్లి కిటికీలోంచి దూకింది. రెండోసారి మొగుడుగారు బస్సు దిగొచ్చిన అలసటలో తాళాలగుత్తి జారవిడిచారు. వారం రోజులు ఆయనకు ఇంట్లో మాట పుట్టలేదు. అందుకని మూడోసారి ఆమె తెలివిగా వందకో చోట ఒక్కో చెక్క పెట్టకుండా ఖాళీ వదిలింది. ఏదైనా పడ్డా ఆ వందతోనే ఆగుతుంది. తొయ్యబోయే ముందు ఖాళీలన్నీ పూడ్చాలి.

ఆరు వారాలు ఆ ఇంట్లో కాపురం ఎలా సాగిందో ఆ గోడలకే తెలియాలి. డ్రైవరుగారు సొంతింట్లో ఇరుకు సందులో రివర్స్ గేరు వేసినట్టు నడిచారు. కంచం పట్టుకుని గుమ్మం బయట మెట్ల మీద తిన్నారు. అత్తగారైతే రోజూ ఒంటికాలి మీద లేచేది. ఇది ఇల్లా కట్టెల అడితా అని అడిగేది. ఈ వయసులో మంచం దిగడానికి దారి లేని గతి ఎవరికీ రాకూడదనేది. ఎనభై దగ్గర పడ్డ మనిషి, మోకాళ్లు వంగవు, చేతులు వణుకుతాయి, నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. ఆ చివరి వారం మాత్రం దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనలేదు. అలవాటైపోయిందేమోలే అని కోడలు సంబరపడింది.

ఆదివారం పొద్దున్నే వీధి వీధంతా కిటికీలకు అతుక్కుపోయింది. లోపల చోటు లేదు కదా. వదిన గుమ్మం దగ్గర మొదలెట్టి ఒక్కో ఖాళీ పూడ్చుకుంటూ లోపలికి పోయింది. ఒక్కో చెక్క పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేది, పెట్టి లేచాక వదిలేది. కిటికీల దగ్గర జనం కూడా ఆమెతోపాటే బిగబట్టి, ఆమెతోపాటే వదిలారు. ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది. ఇంక మిగిలింది వంటింట్లోదే. ఆమె అక్కడ గొంతుక్కూర్చుంది. సరిగ్గా అప్పుడే నడిమి గదిలోంచి అత్తగారు పిలిచింది.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా. తోసేముందు నీకో మాట చెప్పాలి."

ఆ గొంతు ఎప్పటి గొంతు కాదు. కోడలు లేచి వరస పక్కనే మునివేళ్ల మీద వచ్చింది.

"మంగళవారం నువ్వు పనిలో ఉన్నప్పుడు నా కర్ర తగిలి మంచం కిందవి పడిపోయాయి. అరవై దాకా. నువ్వొచ్చేలోగా నేనే పేర్చాను. ఎలా ఉన్నాయో ఏమో."

వదినకు ఒళ్లు మండిపోయింది. ఖాళీలు మంచానికి ఇవతలా అవతలా ఉండడంతో పొద్దున్న ఆ కిందికి తొంగిచూడలేదు. ఇప్పుడు వంగి చూసింది. నిజమే, ఆ అరవై చెక్కలూ వంకరటింకరగా, ఒకటి దగ్గరా ఒకటి దూరం, ఒకటైతే పక్కకు తూలుతూ నిలబడి ఉన్నాయి. సర్దాలని వేళ్లు దురద పెట్టాయి. పావుగంట పని, అంతే. మొత్తం నా చేత్తోనే అనుకున్నది కాస్తా పోయిందే అని ఏడుపొచ్చినంత పనైంది. ఇంతలో ఇంకో సంగతి తట్టింది.

"మీరు కిందెలా కూర్చున్నారు అత్తయ్యా?"

"కూర్చోవడం ఏముంది, పడ్డట్టే కూర్చున్నా. పేర్చడానికి రెండు గంటలు పట్టింది. మంచం కోడు పట్టుకుని లేవడానికి ఇంకో గంట."

కోడలు మళ్లీ ఒకసారి ఆ వంకర వరస చూసింది. ఉండనివ్వండి, అలాగే పోనిద్దాం అంది. అని, మనసు మారేలోపు గబగబా గుమ్మం దగ్గరికి వెళ్లి మొదటి చెక్కను తోసేసింది.

ఏం పరుగది! చెక్కలు ముందుగదిని చుట్టేసి, సోఫా కాళ్ల మధ్య మెలిక తిరిగి, నడవాలోకి దూకాయి. ఇల్లంతా వానపడ్డట్టు చప్పుడు. డ్రైవరుగారు వరస పక్కనే పరుగెత్తుతూ, రైట్ రైట్ అంటూ తనకు తెలియకుండానే కండక్టరు పని చేస్తున్నారు. కిటికీల దగ్గరి జనం ఒక కిటికీలోంచి ఇంకో కిటికీకి ఉరికారు. వరస మంచం కిందికి దూరింది. చప్పుడు పలచబడింది. టక్. టక్. ఒకటి పడాలా వద్దా అని ఆలోచించి పడింది. తూలుతున్నది సగం తిరిగి, భుజంతో పక్కదాన్ని తాకింది. వదిన కళ్లు మూసుకుంది. తెరిచేసరికి వరస మంచం అవతల వైపునుంచి దూసుకొస్తోంది. అత్తగారు కర్ర గాల్లోకి ఎత్తేసింది. వీధి వీధంతా కేక పెట్టింది. ఇక వంటిల్లే, అంతా వదిన సొంత చేతిపని, ఒక్కో చెక్కా గీత గీసినట్టు నిలబెట్టింది. ఇల్లు అలకగానే పండుగ కాదని ఆ సమయంలో ఎవరికి గుర్తొస్తుంది?

వరస వంటింట్లోకి తిరిగింది. ఆగింది.

పళ్లానికి ఇంకా ఎనభై చెక్కల దూరం. మధ్యలో ఒక్క చెక్క పట్టేంత ఖాళీ. వదిన కుడి పిడికిలి విప్పి చూసుకుంది. ఆ ఖాళీలో పెట్టాల్సిన చెక్క అక్కడే ఉంది, చెమటకు తడిసి. అత్తగారు పిలిచినప్పుడు చేతిలో పట్టుకుని లేచింది, మళ్లీ దాని ఊసే మరిచింది.

కంచే చేను మేసిందన్నమాట అన్నారు డ్రైవరుగారు. జనం నవ్వారు, ఆమె నవ్వలేకపోయింది. ఇప్పుడు పెట్టి తోసెయ్యి, ఎవరొద్దన్నారు అని కిటికీలోంచి ఎవరో సలహా ఇచ్చారు. అలా తోస్తే లెక్కలోకి రాదంది ఆమె. ఆరు వారాలు.

అత్తగారు కర్ర ఊతంగా మెల్లగా వంటింట్లోకి వచ్చింది. నిలబడి ఉన్న ఎనభై చెక్కలను ఎగాదిగా చూసింది. కర్రతో ఒక్క తోపు తోసింది. అన్నీ పడ్డాయి, పళ్లెం ఠంగుమంది, లెక్కలోకి రాని మోత.

"మళ్లీ మొదట్నుంచి పేరుద్దాం," అంది ఆవిడ. "కానీ ఈసారి వంటిల్లు నాది. నీకు ధ్యాస నిలవదు."

"మిమ్మల్ని లేపేదెవరు అత్తయ్యా?"

"అప్పుడే లేవడం ఎందుకు, ఇంకా కూర్చోనే లేదు. పట్టుకో."

తల్లి రెక్క ఒకటి కొడుకు పట్టుకున్నాడు, ఇంకొకటి కోడలు. ఇద్దరూ కలిసి నెమ్మదిగా ఆవిణ్ని నేలమీద కూర్చోబెట్టారు. ఆవిడ కాళ్లు చాపుకుని, వణికే చెయ్యి ముందుకు చాచింది. చెక్కల వదిన తన పిడికిట్లోని చెక్కను ఆ చేతిలో పెట్టింది.