చెరో ఎద్దు

ఆ ఉదయం కొండమ్మ పుల్లెద్దు కుడితి ముట్టలేదు. మెడ చాచి వీధి చివరికి చూస్తూ రంకెలు వేస్తోంది. వీధి చివర చెన్నయ్య ఇల్లు. చెన్నయ్య మొన్నటిదాకా ఆమెకు మొగుడు.

అది ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు. రాచర్ల పక్క పల్లెలో కులపెద్దలు వాళ్లిద్దరినీ విడదీశారు. పెద్దమనిషి అంకన్న అన్నిటినీ సరిసగం పంచి, తన తీర్పుకు తనే మురిసిపోయాడు. రోలు కొండమ్మకు, రోకలి చెన్నయ్యకు. పుల్లెద్దు ఆమెకు, కర్రెద్దు అతనికి. పుట్టింటివాళ్లిచ్చిన మూడెకరాల చేను మాత్రం ఆమెదే.

అంతలో వాన పడింది. పదును ఆరేలోపు దున్ని వరిగ చల్లకపోతే కొండమ్మకు ఆ ఏడు తిండి లేదు. ఎద్దులున్నవాళ్లంతా తమ చేలలో ఉన్నారు. పక్కింటి రాఘవమ్మను బతిమాలి, ఆమె గొడ్డావును తెచ్చి కాడి కట్టింది. కర్రెద్దు పక్కన తప్ప నడిచి ఎరగని పుల్లెద్దు ఆవును ఒకసారి చూసి, చేలో చతికిలపడింది.

"అచ్చం నీ మొగుడి పోలికే గదే!" అంది రాఘవమ్మ.

"మొగుడనొద్దత్తా. పంపకం అయిపాయె." కొండమ్మ ఎద్దును లేపి ఇంటికి తోలుకొచ్చి, కుడితి తొట్టి దగ్గర కట్టేసింది.

అవతల చెన్నయ్యకూ ఎద్దు దొరకలేదు. "ఎద్దు లేకపోతే ఏంది, నేను లేనా?" అని రెండో పక్క కాడి కింద తన మెడే పెట్టి, జారకుండా పలుపు బిగించుకున్నాడు. తమ్ముడు నాగలి పట్టాడు. కర్రెద్దు రెండు చాళ్లు బుద్ధిగా నడిచింది. అప్పుడు పుల్లెద్దు రంకె వినబడింది.

కర్రెద్దు గెనెం గట్టు దాటింది, కంప దాటింది, వీధిలో పడింది. వెనక నాగలి ఎగిరెగిరి పడుతోంది. "నిలబడన్నా!" అని తమ్ముడు ఒకటే కేకలు. నిలబడటం చెన్నయ్య చేతిలో లేదు. ఆమె వాకిలి తొక్కితే చెప్పుతో కొట్టమని నలుగురిలో శపథం చేసిన మనిషి, కాడితో సహా వచ్చి కొండమ్మ కుడితి తొట్టి ముందు ఆగాడు.

"ఏంది మామా, కుడితి తాగుతావా?"

"ముందు పలుపిప్పే!"

"ఉండు, చెప్పు యాడ పెట్టినానో కనపడ్డంలే."

"నీ చేను నేనే దున్నిపెడతా, ఇప్పే తల్లీ!"

"నువ్వొద్దు. కర్రెద్దును ఇడిసిపెట్టి పో."

ఊరంతా పోగైంది. అంకన్నను పిలుచుకొచ్చారు. "సగం సగం పెట్టినా గదా, ఇంకేంది?" అన్నాడాయన.

"జతను పంచినావు పెదనాయనా. రోలూ రోకలీ అట్లే పంచినావు. నాలుగు దినాలుగా పిడికిలితో దంచుతాండా."

అంకన్న తల గోక్కున్నాడు. చివరికి, ఎద్దులు రెండూ కలిసే ఉండాలని, నెల ఆమె కొట్టంలో, నెల అతని కొట్టంలో కట్టాలని, ఎవరి నేల ముందు ఆరితే వాళ్లది ముందు దున్నాలని చెప్పాడు. కొండమ్మది గులకరాళ్ల గరుపు నేల, ముందు ఆరేది అదే.

సాయంత్రానికి ఎకరన్నర అయింది. మర్నాడు మిగతా ఎకరన్నర. ఆ మర్నాడు ఎద్దులు చెన్నయ్య చేలో దిగాయి. రోకలి మాత్రం ఇంకా అతని దగ్గరే ఉంది.