శుక్రవారం సూది

మొన్న పక్క ఫ్లాట్ అమ్మాయికి తోడుగా తిరుపతిలో ఒక పిల్లల ఆసుపత్రికి వెళ్లాను. ఆ పిల్లా, ఆమె భర్తా ఇద్దరూ రేణిగుంట దగ్గర ఏదో ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పని చేస్తారు. దగ్గర పెద్దవాళ్లెవరూ లేరు కాబట్టి బిడ్డకు జలుబు చేసినా, పొయ్యి మీద పాలు విరిగినా వచ్చి నా తలుపే కొడుతుంది. ఆరోజు నెలన్నర బిడ్డకు సూది వేయించాలి. కౌంటరులో కూర్చున్న పిల్ల తలెత్తకుండానే, "నొప్పుండేదా మేడం, నొప్పి లేనిదా?" అని అడిగింది, హోటల్లో సాదా దోసెనా నేతి దోసెనా అన్నట్టు. ధరలు కూడా చెప్పింది. రెండింటికీ మధ్య ఉన్న తేడా విని ఆ తల్లి మొహం చిన్నబోయింది. జీతం వచ్చాక వచ్చే నెల వద్దామా ఆంటీ, అని నా చెవిలో గొణిగింది. ఏ సూదైనా సరే, గవర్నమెంటు ఆసుపత్రిలో ఊరికే వేసేదైనా సరే, ఈరోజే వేయించు, వచ్చే నెల అన్న మాట మాత్రం ఎత్తకు అన్నాను. నేను అంత కచ్చితంగా చెప్పడం చూసి ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. ఇంటికొచ్చాక కాఫీ తాగుతూ మా అత్త కథ చెప్పాను. చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నా మెట్టినిల్లు నగరి. మా వీధిలో ఇల్లంటే ముందు వసారా, వెనక వంటిల్లు, మధ్యలో ఉన్న చోటంతా మరమగ్గాలు. మనుషులు వాటి సందుల్లో సర్దుకుని బతకాలి. షావుకారు నూలిస్తాడు, మేము నేసి గుడ్డ ఇస్తాము, గుడ్డకు తగ్గ కూలి తెచ్చుకుంటాము. కరెంటు ఉన్నంతసేపూ వీధి వీధంతా టకటకలాడుతూనే ఉంటుంది. కొత్తకోడలుగా వచ్చినప్పుడు ఆ చప్పుడుకు నా తల పగిలిపోయేది. మా అత్త నాకు మొదట నేర్పింది వంట కాదు, సైగలు. రెండు వేళ్లు చూపిస్తే కాఫీ, అరచెయ్యి బోర్లిస్తే అన్నం వార్చమని, చెవి పట్టుకుంటే ఎవరో బయట పిలుస్తున్నారని. సైగ చాలని చోట అరవడమే. అందుకే మా వీధి వాళ్లు పెళ్లిళ్లకు పోయినా, గుడికి పోయినా, ఎదుటివాడు ఏరు అవతల ఉన్నట్టు మాట్లాడతారు. విచిత్రం ఏమిటంటే మా పిల్లలు ఆ చప్పుడులోనే హాయిగా నిద్రపోయేవాళ్లు. మగ్గం ఆగితే లేచి ఏడ్చేవాళ్లు.

మా మామ నెమ్మదస్తుడు. మాట్లాడే పనంతా పెళ్లయిన రోజే మా అత్తకు అప్పజెప్పేశాడని ఆయన తమ్ముళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఆమె ఆ పని మా ఇంటి వరకే పెట్టుకోలేదు. ఎవరింట్లో బిడ్డకు కడుపునొప్పి వచ్చినా, ఎవరికి సంబంధం కుదరాలన్నా, ఏ షావుకారు మంచివాడో తెలియాలన్నా మా వసారాలోకే రావాలి. గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి చూసి అది ఏ నంబరు నూలో చెప్పేది. ముతక నూలుకు తక్కువ కూలి, సన్న నూలుకు ఎక్కువ కూలి. పుట్టినప్పటి నుంచీ ఆమె చూసిన ప్రపంచం అదే. కనుక ధర తక్కువైతే సరుకు ముతకది, ధర ఎక్కువైతే సన్నది అన్న లెక్కను ఆమె కందిపప్పుకూ వాడింది, కళ్లద్దాలకూ వాడింది, చివరికి పిల్లల సూదులకూ వాడింది.

దానికి కారణం నా పెద్ద కొడుకే. వాడికి అంగన్వాడీలో మొదటి సూది వేయించినప్పుడు తొడ వాచి జ్వరం వచ్చింది. నేను వాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కండెలు చుట్టేవాళ్లు లేరు. కండె లేకపోతే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలుండదు, మగ్గం నిలిచిపోతుంది. అది పెళ్లిళ్ల సీజను. గుడ్డ ఆలస్యమైందని షావుకారు తరువాతి నూలు ఎదురింటికి ఇచ్చాడు. ఆరోజే మా అత్త తీర్పు చెప్పేసింది. "ఊరికే ఏసే సూది ముతక సూది మే. బిడ్డకు జరమొస్తాది, మగ్గం పండుకుంటాది. దుడ్లిచ్చి తిరపతిలో సన్నసూది ఏపించాల." మా వాడికి మిగతావన్నీ అలాగే తిరుపతిలో వేయించింది. ఇది పిసినారితనం అనుకునేరు, పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. మనవడికి ముతకది వద్దన్న ప్రేమ అది. ఆమె మాట వీధంతా పాకింది. బుధవారం అంగన్వాడీకి వచ్చే నర్సమ్మకు మజ్జిగిచ్చి, కూర్చోబెట్టి, మంచీచెడ్డా మాట్లాడి, సూది మాట మాత్రం రానీయకుండా సాగనంపడం మా వీధిలో మర్యాద అయిపోయింది.

మా తోటికోడలికి కూతురు పుట్టిన ఏడాది కరెంటుకు కరువొచ్చింది. శుక్రవారం పొద్దున పోతే శనివారం పొద్దున్నే రావడం. పవర్ హాలిడే అన్నారు. మిగతా రోజుల్లోనూ కోతలే. మగ్గం ఆడకపోతే కూలి లేదు, కూలి లేకపోతే తిరుపతి సూది లేదు. షావుకారు దుడ్లు రానీ అంది మా అత్త. తరువాత ఆడి నెల, అంటే ఆషాఢం, పోనీ అంది. మా తోటికోడలు గూడూరు పిల్ల, నిమ్మకాయల వ్యాపారం చేసే ఇంటి నుంచి వచ్చింది. గట్టిగా మాట్లాడటం ఇంకా పట్టుబడలేదు. బట్టలు ఉతికే చోట నాతో, "అక్కా, బిడ్డకు నెలలు ఎక్కతా ఉండాయి. ఒక్క సూదీ పడలా. నాకు బయంగా ఉండాది," అంది. ఇద్దరం కలిసి వెళ్లి అడిగాము. సన్నసూదే వేయిద్దాం, తొందరేముంది, అని మా అత్త కండెల బుట్ట ముందుకు లాక్కుంది.

ఇక ఆ శుక్రవారాల సంగతి చెప్పాలి. మగ్గాలు ఆగితే వీధికి చెవులొచ్చేవి. కానీ మా గొంతులకు ఆ సంగతి తెలియదు, అలవాటు కొద్దీ అరుస్తూనే ఉండేవాళ్లం. ఎదురింటి కోడలు వాళ్లత్త చేసిన రసం గురించి భర్తకు చెప్పుకున్నది ఆ చివరి ఇంటి దాకా వినబడింది. ఆ ఇంట్లో రెండు రోజులు రసం పెట్టలేదట. అలాంటి ఒక శుక్రవారం, వీధిలో పసిపిల్లలంతా లేచి ఏడ్చి అలిసిపోయాక, వెనక వీధి నుంచి ఒక దగ్గు వినిపించింది. పసిబిడ్డ దగ్గు. ఆగకుండా దగ్గి దగ్గి, చివర ఊపిరి లోపలికి లాక్కుంటూ ఒక కూత. ఆ తరువాత ఏ చప్పుడూ లేదు. మళ్లీ ఏడుపు వినపడేదాకా వసారాలో ఉన్న మేమెవ్వరం కదల్లేదు. లుంగీలు నేసేవాళ్లింటి పిల్లవాడు వాడు, మా తోటికోడలి బిడ్డ కంటే కొన్ని వారాలు పెద్ద. ఎన్ని రోజులుగా దగ్గుతున్నాడో, మగ్గాల హోరులో ఎవరికీ వినబడలేదు. మా అత్త చేతిలో వంకాయ కింద పడేసి చెప్పులైనా లేకుండా వెళ్లిపోయింది. అటునుంచి అటే వాళ్లను ఆటో ఎక్కించి, తానూ ఎక్కి, తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

ఆదివారం తిరిగొచ్చింది. కోరింత దగ్గట. ఆమెను అంత చిన్న గొంతుతో మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు. "దగ్గి దగ్గి నీలంగా మారిపోతా ఉండాడు మే. నా మాట ఇని వాళ్లు సూది ఏపించలా. వాళ్లమ్మ నన్ను ఒక్క మాటా అన్లా. అనుంటే బాగుండు," అంది. అని మా తోటికోడలి ఒళ్లోంచి మనవరాలిని తీసుకుని రొమ్ముకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. ఆ వారమంతా ఆ పసిది తుమ్మితే ఇంట్లో అందరం లేచి నిలబడ్డాము.

సోమవారం మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని మా అత్త ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయింది. డాక్టరమ్మ చిన్నది, ఓపిక గలది. మా అత్త ముతకా సన్నమూ అంటూ అడిగింది ముందు ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వలేదు. రెండు సూదులూ కోరింత దగ్గులాంటి అవే జబ్బులను ఆపుతాయనీ, ఇక్కడ వేసేదాంతో జ్వరం, వాపు కొంచెం ఎక్కువ రావచ్చుననీ, అవి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయనీ, ఏదీ వేయించకుండా కూర్చోవడం ఒక్కటే ప్రమాదమనీ చెప్పింది. మా అత్త తన కొంగును రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "అయితే మీది ముతక నూలు చీరేనమ్మా. ఒంటికి రవంత గుచ్చుకుంటాది గానీ సానా కాలం కట్టుకోవచ్చు," అంది. అలాగే అనుకో అవ్వా, అంది డాక్టరమ్మ.

అక్కడితో అయిపోలేదు. బుధవారం సూది వేస్తే ఆరోజే బిడ్డకు జ్వరం, తల్లి చెయ్యి ఆడదు, మగ్గం ఆగుతుంది. కరెంటు ఉన్న కాసిని రోజుల్లో ఒకటి పోగొట్టుకోవడానికి మా వీధిలో ఏ ఇల్లూ ఒప్పుకోదు. అది మా అత్తకు మా అందరికంటే బాగా తెలుసు. కరెంటు లేని రోజు వేస్తే బిడ్డ జ్వరమూ మగ్గం సెలవూ ఒకేరోజు అయిపోతాయి గదా అని అడిగింది. శుక్రవారం మాకు వీధుల్లో సూదుల రోజు కాదు, పైవాళ్లతో మాట్లాడాలి అంది డాక్టరమ్మ. "మాట్లాడమ్మా. నేను ఈడే కూర్చోనుంటా," అని మా అత్త బెంచీ మీద సర్దుకుంది. మధ్యాహ్నం మేము తెచ్చిచ్చిన ఇడ్లీ అక్కడే తిన్నది. వచ్చిన రోగులకందరికీ తన గొంతుతోనే కోరింత దగ్గు గురించి చెప్పింది. సాయంత్రానికి అనుమతి వచ్చింది. ఆమెను బెంచీ మీంచి లేపడానికే ఇచ్చారని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

నాకు నమ్మకం కుదరనిది ఇంకొకటి. శుక్రవారం ఇంట్లోంచి చిటికెడు ఉప్పు కూడా బయటికి ఇవ్వని మనిషి, ఆ శుక్రవారం తెల్లవారే లేచి వసారా కడిగి, ముగ్గేసి, నర్సమ్మకు కుర్చీ వేసింది. మహాలక్ష్మికి కోపం రాదా అత్తా అని నేను నవ్వితే, బిడ్డలు బాగుంటేనే ఆమె ఇంట్లో ఉంటాదని నా నెత్తిన మొట్టింది. వీధి వాళ్లు వచ్చారు గానీ గడప దాటలేదు. తిరుపతి సన్నసూది అని ఇన్నాళ్లూ చెప్పిన మనిషి ఏం చేస్తుందా అని చూస్తున్నారు. మా అత్త మనవరాలిని ఒళ్లో పెట్టుకుని అందరికంటే ముందు కూర్చుంది. సూది పడగానే ఆ పసిది పెట్టిన కేక మగ్గం కూడా పెట్టి ఉండదు. మా అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని వీధి వైపు తిరిగి, తన మామూలు గొంతుతో అంది. "నేను సెప్పింది తప్పు. ఏపించుకోండి."

ఆ మాట ఆమె నోట ఎవరూ అంతకు ముందు విని ఉండరు. ఎదురింటి కోడలు ముందుకొచ్చింది, ఆమె వెనక వాళ్లత్త, ఆ వెనక మిగతావాళ్లు. మగ్గాలు లేని ఆరోజు వీధంతా పిలకాయల ఏడుపే. ఆ రాత్రి జ్వరాలు వచ్చాయి, నర్సమ్మ ఇచ్చిన మందుతో తగ్గాయి. శనివారం కరెంటు వచ్చేసరికి మా అత్త ఒక చేత్తో ఉయ్యాల, ఒక చేత్తో కండెల రాట్నం తిప్పుతోంది. రెండో సూదీ అలాగే మరో శుక్రవారం పడింది.

మూడోదాని సమయానికి వానలు పడి పవర్ హాలిడే ఎత్తేశారు. దీపావళి సరుకు మీద పడింది, షావుకారు రోజూ ఫోను చేస్తున్నాడు. నర్సమ్మ పెట్టెతో వసారాలో కూర్చుని ఉంది. వీధిలో అన్ని మగ్గాలూ ఆడుతున్నాయి, ఒక్క తల్లీ బయటికి రాలేదు. మా తోటికోడలు బిడ్డనెత్తుకుని నా వైపు చూసింది. అప్పుడు మా అత్త మగ్గాల మధ్యకు పోయి మెయిన్ స్విచ్ కిందికి లాగింది. షావుకారు ఊరుకోడమ్మా అన్నాడు మా ఆయన. "నా పేరు సెప్పు," అంది. మా ఇల్లు మౌనమైపోయింది. కాసేపటికి ఎదురిల్లు ఆగింది. దాని పక్కది, ఆ పైది, ఒక్కొక్కటే ఆగుతూ పోయి, కరెంటు నిండుగా ఉన్న పట్టపగలు మా వీధి నిశ్శబ్దమైపోయింది. తలుపులు తెరుచుకున్నాయి, తల్లులు బిడ్డలతో బయటికొచ్చారు. వెనక వీధి నుంచి లుంగీలవాళ్ల కోడలు కూడా వచ్చింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి, చిక్కి సగమై, తల్లి భుజం మీద నుంచి అందరినీ కోపంగా చూస్తున్నాడు వాడు. మా అత్త వాణ్ని చేతుల్లోకి తీసుకుంటే, వాళ్లమ్మ ఆమె భుజం మీద తల పెట్టుకుంది. నేను ఏడ్చాను, మా తోటికోడలు నవ్వింది, నర్సమ్మ సూది పట్టుకుని ఎవరు ముందు అని అడిగింది.

ఆ ఏడాది మా గుడ్డ మళ్లీ ఆలస్యమైంది. షావుకారు ఏమన్నాడో, ఎంత కూలి తగ్గిందో, ఏ చీర దీపావళికి అందలేదో ఇప్పుడు మా ఇంట్లో ఒక్కరికీ గుర్తు లేదు. ఆ పూట వసారాలో సూదికి ఏడ్చిన పిలకాయలంతా మాత్రం మీసాలూ జడలూ పెంచుకుని నగరి వీధుల్లో తిరుగుతున్నారు, ఎదుటివాడు ఏరు అవతల ఉన్నట్టు అరుచుకుంటూ; మనం నష్టపోయామనుకున్న పూటలనే కాలం దాచిపెట్టి ఇలా తిరిగి ఇస్తుంది కాబోలు.