ఆవలి ఒడ్డున తెల్లగుడ్డ

జూలై చివరి వారంలో ఒక మధ్యాహ్నం, గాల్టెన్ కొండరైలు నిటారు పట్టాల మీద సగం దూరం ఎక్కాక, బాల్ట్స్ గిస్లర్ తన మేనకోడలికి అసలు సంగతి చెప్పాడు.

“మొన్న మంగళవారం జ్వరంతో పడుకున్నాను. దీవెన పిలవలేదు. అయినా అవతల లీనా గుడ్డ ఎగరేసింది.”

క్లారా చెయ్యి బ్రేకు పిడి మీద ఉంది. అదే తాడు రెండో కొసన కిందికి దిగుతున్న జంట పెట్టె అప్పుడే పక్కనుంచి తప్పుకుంటోంది. ఆమె అటే చూస్తూ, “ఎవరు చూశారు?” అంది.

“నేనే. కిటికీలోంచి. జ్వరం గొంతుకు గానీ కళ్లకు కాదుగా!”

గాల్టెన్‌లో పశువులు మేతకు ఎక్కిన నాటి నుంచి దిగే నాటి దాకా, ప్రతి సాయంకాలం ఒక కాపరి గట్టు మీద నిలబడి, పాలు వడకట్టే చెక్క గరాటును నోటికి ఆనించుకుని దీవెన పిలుస్తాడు. మరియతల్లిని, పశువులను కాచే పునీత వెండెలిన్‌ను రాగం తీసి పిలిచి, మందలను, పాకలను ఆ రాత్రికి వాళ్లకు అప్పగిస్తాడు. గొంతు వినబడినంత మేరకే కాపుదల. సరస్సు ఆవలి ఒడ్డున ఉన్న చివరి పాక లీనా హెర్గర్‌ది. తనకు వినబడగానే ఆమె వాకిట్లో గడకు తెల్లగుడ్డ ఎగరేయాలి. అది కనబడేదాకా పిలిచేవాడు మళ్లీ మళ్లీ పిలవాలి. ఆ పిలిచే బాల్ట్స్ గొంతుకు నిరుడు శీతాకాలంలో ఆపరేషన్ అయింది. ఈ వేసవి మొదట్లో అతను చాలాసార్లు పిలిస్తే గాని గుడ్డ లేచేది కాదు. కొద్దిరోజులకు ఒక్క పిలుపుకే లేవడం మొదలైంది. గొంతు తిరిగొచ్చిందని అతను కొండకూ లోయకూ చెప్పుకున్నాడు.

“అలవాటు మీద ఎగరేసి ఉంటుంది మామయ్యా.”

“అయ్యుండొచ్చు. కాకపోనూ వచ్చు. నీకు శనివారం సెలవు కదా? సరస్సు చుట్టూ నడిచిరా. నా గొంతు ఎక్కడిదాకా వస్తోందో విని చెప్పు. వినబడకపోతే ఈ ఏడాదితో గరాటు కింద పెట్టేస్తాను. నాకు తియ్యటి మాటలొద్దు.”

“నేనెప్పుడు చెప్పాను తియ్యటి మాటలు?”

“అందుకే నిన్ను అడుగుతున్నా.”

క్లారా ఇమ్‌హోల్ట్స్ ఇరవైల్లో టికెట్లు చింపడానికి ఆ రైల్లో చేరింది. యాభై దాటినా అదే పెట్టెలో ఉంది. కూర్చునే వరసలు మెట్లమెట్లుగా ఉండే ఆ పెట్టెలో, పై మెట్టు మీద నిలబడి ఆమె వేసే కేక గాల్టెన్‌లో అందరికీ తెలుసు. తలుపులకు ఆనుకోవద్దని, పిల్లలను పట్టుకోమని ఆమె అరిస్తే ఎదుటి వాలులో గడ్డి కోసేవాళ్లు తలెత్తుతారు. భర్తతో విడిపోయిన తర్వాత వేసవులన్నీ పై స్టేషను గదిలోనే గడుపుతోంది. పొగమంచు పడితే సరస్సు కనబడదని టికెట్టు కొనకముందే యాత్రికులకు చెప్పేస్తుంది. దానివల్ల టికెట్లు తగ్గుతున్నాయని రైలువాళ్లు ఒకటి రెండుసార్లు కోప్పడ్డారు. ఆమె మారలేదు.

శనివారం మధ్యాహ్నం ఆమె సంచిలో రొట్టె, చీజు ముక్క వేసుకుని బయలుదేరింది. సరస్సు చుట్టూ దారి మొదట చదునుగా, బురదనేల మీద పరచిన చెక్కల వెంట పోతుంది. ఆ తర్వాత సన్నబడి, ఎర్రపూల పొదల మధ్యగా నీళ్లలోకి చొచ్చుకుపోయిన ఒక రాతి మూపు మీదికి ఎక్కుతుంది. దాన్ని అందరూ ముక్కు అంటారు. ముక్కు దాటాక రాళ్లు దొర్లిన వాలు. అక్కడ నీడలో కరగని మంచు ఇంకా మురికిగా మిగిలే ఉంది. పందికొక్కుల్లా బలిసిన కొండ ఉడతలు ఆమెను చూసి ఈలవేసి బొరియల్లో దూరాయి. వాలు మధ్యలో ఒకచోట కంచె కొత్తగా కట్టి ఉంది. జూన్‌లో లీనా పెయ్య ఒకటి జారిపడి చచ్చింది అక్కడే. క్లారా కాసేపు ఆగి కిందికి చూసి, మళ్లీ నడిచింది.

లీనా పాక ముందు బల్ల మీద బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. డెబ్బై దాటిన మనిషి, ఆ ఒడ్డున ఒంటరిగా ఆవులను, పెయ్యలను మేపుకుంటూ ఉంటుంది.

“రైలు అమ్మాయి కాళ్లతో నడవడం కూడా నేర్చిందే!” అంది.

“మీ మకరోనీ తినడానికి వచ్చాను లీనక్కా.”

“అబద్ధాలు నీకు చేతకావులే. కూర్చో.”

ఎండ గుడిసె వెనక రాతి మీదికి పాకేసరికి లీనా కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. క్లారా ఊపిరి బిగబట్టి వింది. పశువుల మెడగంటలు వినిపిస్తున్నాయి. వాగు చప్పుడు వినిపిస్తోంది. నీళ్లకు అవతల గట్టు మీద వేలెడంత మనిషి కనబడుతున్నాడు. అతని పిలుపు మాత్రం వినబడలేదు. లీనా తాడు లాగింది. గుడ్డ గడ మీదికి ఎక్కి రెపరెపలాడింది.

“ఏం విన్నారక్కా ఇప్పుడు?”

“నా చెవులు, నా ఇష్టం.”

“నా చెవులు కూడా ఇక్కడే ఉన్నాయిగా.”

లీనా బంగాళాదుంపలు, మకరోనీ, చీజు కలిపి ఉడికించిన గిన్నె దించి, పక్కన ఆపిల్ గుజ్జు వడ్డించి, అప్పుడు చెప్పింది. “జూన్ మొదట్లో ఒక సాయంత్రం నాకేమీ వినబడలేదు. గుడ్డ ఎత్తలేదు. అతను పిలుస్తూనే ఉన్నాడు. చీకటి పడేదాకా గట్టు మీదే నిలబడ్డాడు. మర్నాడు ఉమ్మితే రక్తం పడిందని పాలవాడు చెప్పాడు. ఆ రోజు నుంచి ఎండ ఆ రాతిని తాకగానే ఎగరేస్తున్నాను. ఏం, తప్పా?”

“పెయ్య జారింది దాని తర్వాతేనా?”

“ఆ మాట అతని దగ్గర ఎత్తావంటే నా గుమ్మం తొక్కకు. వాన పడింది, కంచె ఊడింది, బాగుచేయని బద్ధకం నాది. దానికీ దీవెనకూ ముడిపెట్టుకుని ఆ ముసలాడు మంచం పడతాడు. గొంతు బాగుందని చెప్పు, పోయేదేముంది?”

“ఆయనకు ముందే అనుమానం. మంగళవారం ఆయన పిలవనే లేదక్కా.”

లీనా గరిటె గిన్నెలో జారవిడిచింది. “ఓరి దేవుడా!” అంది. తర్వాత నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. నవ్వు ఆగాక ఆమె కళ్లు ఒత్తుకోవడం క్లారా చూడనట్టు ఊరుకుంది.

ఆ రాత్రి అక్కడే పడుకుని, పొద్దున్నే బయలుదేరిన క్లారా దారంతా చెప్పాల్సిన మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. వినబడుతోందని చెబితే బాల్ట్స్ నమ్మడు. పైగా తన మాటకు ఇక ఎప్పటికీ విలువుండదు. వినబడలేదని చెబితే గరాటు మూల పడుతుంది, దానితోపాటు మనిషీ. ముక్కు మీదికి వచ్చేసరికి కాళ్లు ఆగాయి. అవతల గట్టు నుంచి బాల్ట్స్ కుక్కను అదిలించడం వినిపిస్తోంది. బొంగురు గొంతే, అయినా మాట మాటా తెలుస్తోంది. ఆమె వెనక్కి తిరిగింది. లీనా వాకిట్లో బిందె దించిన చప్పుడు కూడా నీళ్ల మీదుగా ఇక్కడిదాకా వచ్చింది.

బాల్ట్స్ పాకలో ఆమె కుర్చీ లాక్కుని సూటిగా చెప్పింది. “ముక్కు దాకా వస్తోంది మామయ్యా. అక్కడి నుంచి అవతలికి పోవడం లేదు. లీనక్క ఎండను చూసి ఎగరేస్తోంది. నువ్వు రక్తం కక్కుకోకూడదని.”

అతను గిన్నెలోని పాలను చూస్తూ కూర్చున్నాడు. “అయితే ఆ పెయ్య…”

“కంచె ఊడింది. బద్ధకం తనదేనని లీనక్కే ఒప్పుకుంది. నేను చెప్పానని తెలిస్తే నన్ను గుమ్మం తొక్కనివ్వదు.”

“ఆమె గుడ్డ ఎత్తితే నేను ఆపేశాను. ఇంకోసారి పిలిచి ఉంటే?”

“ఇంకోసారి పిలిచినా ముక్కు దగ్గరే ఆగేది. కాబట్టి ముక్కు మీద ఇంకొకరు ఉండాలి. నువ్వు పిలువు, అక్కడ అందుకుని అవతలికి పిలుస్తారు.”

“ఎవరు? కుర్రాళ్లందరికీ పాలు పితికే వేళ అది.”

“నేను. ఆఖరి బండి దిగిపోయాక నాకేం పని?”

“ఆడగొంతా? ఏ కాలంలోనైనా విన్నామా అది?”

“ఇన్నేళ్లుగా లోయంతా దద్దరిల్లేలా అరుస్తున్నాను. తలుపుకు ఆనుకున్నవాడు ఎవడైనా ఆడగొంతని ఆనుకునే ఉన్నాడా?”

బాల్ట్స్ దగ్గాడు. దగ్గు నవ్వయింది, నవ్వు మళ్లీ దగ్గయింది. లేచి, గోడకున్న పాత గరాటు తీసి, ఎండిన మీగడ మరకను చేత్తో తుడిచి ఇచ్చాడు. “లీనాకు కబురు పంపు. వినబడకపోతే ఎత్తొద్దని. మీ ఇద్దరి మీద ఒట్టు.”

సోమవారం సాయంకాలం క్లారా ముక్కు మీద నిలబడింది. గట్టు నుంచి బాల్ట్స్ పిలుపు వచ్చింది. అది ఆగగానే ఆమె గరాటు ఎత్తింది. మొదటిసారి సిగ్గు అడ్డొచ్చింది. చిన్నప్పటి నుంచి విన్న మాటలే, తన నోట వింటే కొత్తగా ఉన్నాయి. రాగం మధ్యలో వణికింది. అవతల గడ ఖాళీగానే ఉంది. రెండోసారి కాళ్లు ఎడంగా పెట్టి, నిటారు పట్టాల మీద పెట్టె కదిలేటప్పుడు నిలబడ్డట్టు నిలబడి, అదే గొంతుతో మరియతల్లిని పిలిచింది. నీళ్లకు అవతలి కొండ ఆ మాటలు తిరిగి ఇచ్చింది. గడ ఖాళీగానే ఉంది. వెనక గట్టు మీద బాల్ట్స్ టోపీ తీసి నిలబడ్డాడు. ఇక రాదేమోనని అనిపించినా, పునీతుల పేర్లు ఒక్కటీ వదలకుండా ఆమె మూడోసారి పిలిచింది.

గుడ్డ లేచింది.

ఆ మర్నాడు పెట్టెలో క్లారా నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. తలుపులకు ఆనుకున్నవాళ్లను చేత్తో లాగాల్సి వచ్చింది. పగలంతా నోరు మూసుకుని దాచుకున్న గొంతుతోనే ఆ వారం సాయంకాలాలు ముక్కు మీద పిలిచింది. ఆదివారం లీనా చీజు బుట్టతో కిందికి దిగడానికి స్టేషనుకు వచ్చేసరికి గొంతు కాస్త కుదుటపడింది.

“సోమవారం మూడుసార్లు అరిచి చచ్చాను లీనక్కా. గాలి ఎదురుగా ఉందా?”

“గాలా? రెండోదే స్పష్టంగా వినబడింది.”

“మరి ఎత్తలేదేం? మామయ్య ఒట్టు పెట్టాడుగా!”

“వినబడకపోతే ఎత్తనని కదా ఒట్టు. వినబడగానే ఎత్తుతానని కాదు.” లీనా బుట్ట ఒళ్లో పెట్టుకుని పై వరసలో కూర్చుంది. “ఎంతకాలమైందే ఆ వాకిట్లో దీవెన విని! ఇంకోసారి విందామనిపించింది.”

క్లారా తలుపు వేసి, కొత్తగా ఎక్కినవాళ్ల వైపు తిరిగి, ఆనుకోవద్దని కేక వేసింది.